ఏడు గేజీలు, ఏడు రోజులు

ప్రియమైన చిట్టీ,

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఆనకట్టలో ఇంజనీరువైన నీకు, అదే గోడలోంచి ఊరే నీటిని ముప్పై ఏళ్ళు గేజీలతో కొలిచి, లైబ్రరీ పుస్తకం చూసి ప్రోగ్రామింగ్ నేర్చిన బాబాయి పాఠం చెప్పడమేమిటని. ఆ పుస్తకంలో ముప్పయ్యో పేజీ లేదు. ఎవరో కళ్ళద్దాలు తుడుచుకున్నట్టున్నారు. సరే, అది వేరే కథ.

నా ప్రోగ్రాములో పట్టిక పేరు పక్కన ఏమిటని నువ్వడిగిన ఆ చిన్న గీత ట్రాన్స్‌పోజ్. అడ్డు వరుసల్ని నిలువు చేస్తుంది. గేజీలు చదివే మీ యంత్రం గేజీకో అడ్డు వరుస ఇస్తుంది, నా పట్టికలో రోజుకో అడ్డు వరుస. అందుకే మీ కొత్త వారాన్ని తిప్పి, సెమికోలన్ పెట్టి నా పట్టిక కింద అతికించాను. కామా పెడితే పక్కన అతుకుతుంది. ఆరు గేజీలు, ఏడు రోజులు. తిప్పడం మరిస్తే కొలతలు కుదరక కంప్యూటర్ గొడవ చేస్తుంది. అది నోరెత్తనంతవరకు నిశ్చింతగా ఉండు.

నీ మేలు కోరే
బాబాయి

ప్రియమైన బాబాయ్,

మొన్న ఏడో గేజీ బిగించారు. మీ పట్టిక పక్కన కామాతో సున్నాల నిలువు వరుస ఒకటి చేర్చి, కింద కొత్త వారం అతికించాను. ఈసారి మీ గీత తీసేసి చూశాను, కంప్యూటర్ కిమ్మనలేదు. ఇక దాని అవసరం లేదన్నమాట. పట్టిక జత చేశాను. గురువారం వరుస ఒక్కటే తేడా, అంకెలు బాగా ఎక్కువ. వాన పడిందిలే అని చీఫ్ తేల్చేశారు. మీరుంటే గేజీలుండే ఆ గోడలోపలి సొరంగంలోనే కాపురం పెట్టేవారని వెక్కిరించారు కూడా.

సోమవారం పొద్దున మెకానిక్కుతో ఆ సొరంగంలోకే దిగి గేజీలు శుభ్రం చేయాలి. సాయంత్రం దాకా అక్కడే.

మీ చిట్టి

ప్రియమైన చిట్టీ,

ఇవాళ సోమవారం. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. తప్పు నాది. ఏడు గేజీలు, ఏడు రోజులు, ఎటు తిప్పినా చదరమే. గీత లేకపోయినా అతుకుతుంది. నోరెత్తదు.

నీ గురువారం వరుస: 31, 34, 38, 45, 57, 74, 98. వానకు ఇంత వరసగా నిలబడటం చేతకాదు. తిప్పలేదు కనక ఆ నాలుగో వరుస గురువారం కాదు, నాలుగో గేజీ ఏడు రోజుల లెక్క. రోజురోజుకూ ఊట పెరుగుతోంది. అరవై దాటితే లోపల మనిషి ఉండకూడదని ఆ గోడ మీద ఎర్ర రంగుతో రాసింది నేనే.

ఆనకట్టకు ఫోన్ చేస్తే కాపలా మనిషి ఎత్తాడు. "అమ్మాయిగారు తొమ్మిదింటికే దిగారండీ. లోపల ఫోన్ పలకదు."

వెళ్ళి పిలుచుకు రమ్మన్నాను. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ముందు పైకి రా, తర్వాత చదువు.

బాబాయి

తా.క. డ్రైవరు పదకొండింటికి ఉత్తరం తిరిగి తెచ్చాడు. ఆనకట్ట దారి మూసేశారట. ఇవాళ వాన చుక్క లేదు, అయినా అతని బూట్లు తడిసి ఉన్నాయి, గుమ్మం బయటే విప్పాడు.