హలీమా వాళ్లమ్మ సజ్జలు

జూన్ 8, 2021

హలీమా ఈరోజు కూడా సరిగ్గా తినలేదు. నైజీరియాలో, కానోలో వాళ్లమ్మ పోయి నెల దాటింది. ఫ్లైట్లు లేవు, లీవ్ లేదు. పోకముందు ఆవిడ ఎవరితోనో పంపిన చిన్న సంచి ఒకటి మంచం కింద దాచుకుంది. ఊడుస్తుంటే నా చీపురు తగిలిందని కస్సుమంది. ఈ పరాయి దేశంలో ముగ్గురు నర్సులం ఒకే ఫ్లాట్‌లో ఉంటూ ఇంత రహస్యమా? నాకూ ఒళ్లు మండింది.

జూన్ 10

మాతో ఉండే దయారాణక్క షుగర్ 240. రేపటి నుంచి సజ్జట్లేనట, పిండి తనే రుబ్బుతుందట. చూద్దాం.

జూన్ 11, శుక్రవారం, ఉదయం 7

రుబ్బేసింది! గట్టు మీద గిన్నెలో పిండి బుడగలతో పొంగి ఉంది. అల్లం, లవంగాల ఘాటు. అట్ల పిండిలో లవంగాలేంటి, మా నరసాపురం పరువు తీస్తోంది అనుకుంటూ ఉప్పు కలిపి పెనం పెట్టాను.

ఉదయం 8

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. అక్క నాలుగు అట్లు లాగించింది. కింద వాచ్‌మన్‌కి రెండు పంపాను. ఇంకొకటి వేస్తుంటే అక్క లొట్టలేస్తూ, ఎంత బాగా రుబ్బేవే ఫేబా, నిన్ను కన్న కడుపు సల్లగుండ అంది.

నేనా? నేను రుబ్బలేదు. అంటే అక్కా రుబ్బలేదు. ఇంక మిగిలింది హలీమా.

అట్లకాడ చేతిలో అలాగే ఉండిపోయింది. పరిగెత్తి హలీమా మంచం కింద చూశాను. సంచి ఖాళీ, అడుగున నాలుగు సజ్జ గింజలు. గిన్నెలో గరిటెడు పిండి మిగిలింది. ఇంకో గంటలో హలీమా నైట్ డ్యూటీ దిగి వస్తుంది.

ఉదయం 10

చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయింది.

అది అట్ల పిండి కాదట. కునూ అని, వాళ్ల ఊళ్లో తాగేది. నానబెట్టి, అల్లం, లవంగాలతో రుబ్బిన సజ్జలు రాత్రంతా పులియాలి. పొద్దున మరిగే నీళ్లు పోసి, వడగట్టి, చక్కెర కలపాలి. ఇవాళ వాళ్లమ్మ పోయి నలభయ్యో రోజట. అమ్మ పేరు మీద పదిమందికి పోయాలి, తాగినవాళ్లు అమ్మ కోసం ఒక్క మాట ప్రార్థించాలి. ఆ సజ్జలు అమ్మ తన చేత్తో చెరిగి పంపినవి. ఇంక లేవు.

నా తొందర తగలెయ్య. అక్క ఏడుస్తోంది.

హలీమా ఒకటే అడిగింది, తిన్నవాళ్లు ఏమైనా అన్నారా అని.

అక్క మాట ఇంగ్లిష్‌లోకి తిప్పడానికి తంటాలు పడ్డాను. ఈ పిండి రుబ్బినదాన్ని కన్న తల్లి కడుపు చల్లగా ఉండాలి అని.

మళ్లీ చెప్పమంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది.

రుబ్బింది నేనే కదా, అయితే ఆ దీవెన మా అమ్మకే కదా అంది.

జూన్ 12

నిన్ననే ఆ గరిటెడు పిండికి ఒక్క గ్లాసు కునూ వచ్చింది. ముగ్గురం తాగాం. ఉప్పగా అనిపించింది. ఎవరూ ఆ మాట అనలేదు.

హలీమా ఫోన్‌లో వాళ్ల నాన్నతో హౌసా భాషలో మాట్లాడుతోంది. మధ్యలో ఒక్క ముక్క తెలుగు. కన్న కడుపు సల్లగుండ.