నువ్వు నడిచొస్తుంటే వాయించిన పాట

గ్రెటా అక్కా,

చర్చిలోకి నువ్వు నడిచొస్తుంటే నేను పియానో మీద వాయించిన పాట ఎవరిదని అడిగావు. పెళ్లి ఆల్బం మీద ఆ పేరు వేయిస్తావట. "పెళ్లిలో నీ వీడియో గేమ్ పాటలు మోగించావో, వేళ్లు విరగ్గొడతా" అన్నదీ నువ్వే. అందుకే నెమ్మదిగా, గంభీరంగా వాయించాను. "ఏ మహానుభావుడు కట్టాడో!" అని వెర్నా పిన్ని కళ్లొత్తుకుంది.

అది ఆటలో చిట్టచివరి రాక్షసి వచ్చేటప్పటి పాట. ఓడితే మళ్లీ అక్కణ్నుంచే మొదలెట్టొచ్చని, ఆమె ఎదురుపడకముందే అందరూ ఆటను సేవ్ చేసుకుంటారు. పాటను పోల్చుకున్నది మీ ఆయన డెస్మండ్ ఒక్కడే. పియానో వైపు వంగి, "ముందే చెప్పొద్దూ బామ్మర్దీ? నేను సేవ్ చేసుకోలేదురా!" అన్నాడు.

వేళ్లు జేబులో దాచుకున్న
నీ తమ్ముడు