బండి తిప్పకండి

బావగారికి,

నిన్న మీకిచ్చిన బొమ్మ ఇంజిన్‌ను ఇంకా పట్టాలెక్కించకపోతే, ఎక్కించకండి. ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం మా ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

డిజిటల్ చేస్తే బండి నత్తలా నడుస్తుంది, కూత కూడా పెడుతుందని మిమ్మల్ని ఊదరగొట్టింది నేనే. తీరా విప్పి చూస్తే, నేను కొన్న డీకోడర్ చిప్పు పట్టేంత చోటు లోపల లేదు. డ్రైవర్ బొమ్మను పట్టకారుతో పెకలించి, అక్కడ దాన్ని ఇరికించాను. ఇంకా చిన్న డీకోడర్ తెప్పించవచ్చు. పనైపోయిందనిపించుకోవాలన్న ఆత్రం నాది.

ఈ ఉదయం బల్ల తుడుస్తుంటే ఆ బొమ్మ దొరికింది. భూతద్దం కింద పెట్టి చూశాను. గుబురు మీసం, మెడలో ఎర్ర మఫ్లర్. అది మీరే. చేయి వణకని రోజుల్లో అక్క సన్నటి కుంచెతో రంగులేసిన మీరు.

పోయిన నెల మీ ఇంట్లో బండి మంచం పక్కగా వెళ్తుంటే, మనుషుల్ని గుర్తుపట్టలేని అక్క ఇంజిన్ కిటికీకేసి వేలు చూపించి, "అదిగో, మా ఆయన!" అంది. మతిలేని మాటనుకుని నవ్వేశాను.

ఇంజిన్ మా ఆవిడకిచ్చి పంపండి. చిన్న డీకోడర్ పెట్టి డ్రైవర్ని మళ్ళీ ఎక్కిస్తాను. కాళ్ళు విరిగాయి గానీ మీసం చెక్కుచెదరలేదు.

ఒకవేళ ఇప్పటికే తిప్పేశారా? ఖాళీ కిటికీ చూసి అక్క, పక్కనే కూర్చున్న మిమ్మల్నే, "మా ఆయన ఏరండీ?" అని అడిగిందా?

ముఖం చూపించలేని
మీ బావమరిది