టవాలు కింద రెండు వేళ్లు

17 జనవరి 1957, ఎమ్మిగనూరు

బస్సు దిగి నేరుగా మామ నూలు దుకాణానికి వచ్చాను. ఆదోనిలో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వచ్చానని తెలిసి నాగేశ్వరయ్య మామ తల పట్టుకున్నాడు. చనిపోయిన మా అమ్మకు తమ్ముడు. నాకు ఇంకెవరున్నారు?

నాయన బడి మాన్పించాడు. పరీక్ష మార్చిలోనే. బళ్లారి సంబంధం ఖాయం చేశాడట, వైశాఖంలో ముహూర్తం. వచ్చే నెలకు నాకు పదహారు నిండుతాయి. పెళ్లికొడుకు పేరైనా నాకు చెప్పలేదు. నాయన అమ్మే పత్తి బేళ్లకైనా మార్కు వేసి పంపుతారు.

2 ఫిబ్రవరి

నాయన కోర్టులో పిటిషన్ వేశాడు. మైనర్ కూతుర్ని మేనమామ దాచుకున్నాడని. దాచుకోవడానికి నేనేమన్నా దొంగ నూలా?

11 ఫిబ్రవరి

మామ వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. పద్దెనిమిది నిండేదాకా తండ్రే గార్డియన్ అన్నాడాయన. పదహైదు దాటిన పిల్లకు తండ్రి పెళ్లి చేస్తే చట్టం అడ్డు రాదట. మరి నాకేమీ లేదా అని అడిగాను. ఉంది, జడ్జి నీ ఇష్టం అడగొచ్చు, చెప్పుకో, వినడం వినకపోవడం ఆయన ఇష్టం అన్నాడు. హక్కంటే ఇంతేనా అనిపించింది. బయటికి వచ్చాక మామ, అదైనా ఉండాది గదమ్మా, మీ అమ్మకు అదీ లేకపాయ అన్నాడు.

3 మార్చి

నాయన గుర్తొచ్చాడు. అమ్మ పోయిన ఏడు నన్ను రోజూ మండీకి తీసుకుపోయేవాడు. పత్తి బేరం అక్కడ నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే టవాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. కుదరకపోయినా ఎవరి పరువూ పోదు. టవాలు కింది మాట బయటపెట్టినవాడితో మళ్లీ ఎవరూ చెయ్యి కలపరు.

నాయన అది నాకు ఆటలాగా నేర్పాడు. మూడు వేళ్లు పడితే మూడు పిడికిళ్ల బొరుగులు. అదే చేత్తో మొన్న నా పుస్తకాల సంచి లాక్కున్నాడు.

9 ఏప్రిల్, సాయంత్రం

కోర్టు వరండాలో సగం మంది మండీవాళ్లే. మమ్మల్ని పిలవకముందు నాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చిక్కిపోయాడు. భుజం మీది టవాలు తీసి నా చేతి మీద కప్పాడు. రెండు వేళ్లు పట్టాడు. తర్వాత నా అరచేతిలో వేలితో రాసినట్టు గీశాడు.

వెంటనే అర్థమైంది. రెండేళ్లు చదువుకో, అందాకా పెళ్లి మాట ఎత్తను, ఇంటికి రా.

నాకు ఒళ్లు మండింది. నన్ను కూడా టవాలు కిందే బేరమాడతాడా? చెయ్యి లాక్కుని, అందరికీ వినిపించేలా, రెండేండ్లు సదివిస్తానని వేళ్లు పడతాండావేమి నాయనా, నేనేమన్నా పత్తినా, నోటితో సెప్పు అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన టవాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. లోపలికి పోయి తన వకీలుతో ఏదో అన్నాడు. పిటిషన్ వాపసు. జడ్జి నన్ను ఏమీ అడగనే లేదు. బట్టీ పట్టిన కారణాలన్నీ నాతోనే తిరిగి వచ్చాయి.

10 ఏప్రిల్

గెలిచాను. అన్నం సహించడం లేదు.

28 ఏప్రిల్

మండీ దలాలి కాశప్ప దుకాణానికి వచ్చాడు. కోర్టుకు ముందు దినమే మీ నాయన బళ్లారికి పోయి సంబంధం వద్దని సెప్పొచ్చినాడు జయమ్మా అన్నాడు. మరి నాతో ఆ మాట ఎందుకు అనలేదని అడిగాను. అంతమందిలో కూతురికి ఓడిపోయినానని నోటితో ఎట్ల సెప్తాడమ్మా, అందుకే గదా టవాలు కప్పినాడు అన్నాడు.

ఇప్పుడు నాయన బేరానికి కూర్చుంటే, నోటితో సెప్పు సెట్టీ అని ఎగతాళి చేస్తున్నారట. అందుకని గుమాస్తాను పంపి తాను గోడౌన్‌లోనే ఉంటున్నాడట.

ఎంత పని చేశాను. ఆ చెయ్యి లాక్కోకుండా ఉండి ఉంటే సరిపోయేది కదా.

20 జూన్ 1958

మామ ఇంట్లోనే ఉండి చదివి ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను. మామ ఆదోనికి పోయి చెప్పాడు. నాయన మంచిది అని, మళ్లీ గోడౌన్‌లోకి పోయాడట.

16 ఫిబ్రవరి 1959, ఆదోని

పద్దెనిమిది నిండాయి. ఇక నాకు గార్డియన్ లేడు.

గోడౌన్‌కు పోయాను. నాయన భుజం మీది టవాలు నేనే తీసి, ఆయన చేతి మీద కప్పి, లోపల చెయ్యి పెట్టాను. ఆయన వేళ్లు కదల్లేదు. మెల్లగా టవాలు తీసి మడిచాడు.

ఏం కావాలమ్మా, నోటితో సెప్పు అన్నాడు.