మర్ఫీ పేరు పెట్టొద్దు

తిరువూరు,
జూలై 4

ప్రియమైన రూతమ్మకు, నాన్న ముద్దులు.

ఫోన్ దగ్గర పెడితే నా చెవి మిషను కీచుమంటోంది, అందుకే ఉత్తరం. పుట్టబోయే బిడ్డకు నా పేరు పెట్టొద్దు. ముందే చెబుతున్నాను.

మా అమ్మ చిట్టెమ్మ ఐర్లాండు ఫాదర్ గారి మీద అభిమానంతో ఆయన ఇంటిపేరు మర్ఫీ తెచ్చి నాకు పెట్టింది. చిన్నప్పుడు మర్ఫీ రేడియో అని ఏడిపించారు, పట్టించుకోలేదు. మొన్న జోజప్ప మాస్టారి మనవరాలు షైని నెట్టులో వెతికి చదివి వినిపించింది. ఇంగ్లీషు వాడుక మాటల్లో మర్ఫీ అంటే బంగాళాదుంపట. జనాన్ని నమ్మించి డబ్బు కొట్టేసే ఒక మోసానికీ అదే పేరట. అసలుది చివర చదివింది. చెడిపోవడానికి వీలున్నది ఏదైనా చెడిపోయే తీరుతుందట, దాన్ని మర్ఫీ సూత్రం అంటారట. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. బస్టాండు దాకా వెళ్తున్నాను, ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తున్నాను.

మీ మొదటి బిడ్డకు నా పేరే పెట్టారు. వాడు తొమ్మిది రోజులే ఉన్నాడు. ఇంకేం రాయను.

మీ నాన్న

గుంటూరు,
జూలై 9

ప్రియమైన నాన్నకు,

డ్యూటీ నుంచి వచ్చి నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దుంపల వేపుడు ఉంటే రెండో కూర అడగని మనిషివి, ఆ పేరుకు నువ్వే అలగడం ఏంటి? నేనూ వెతికాను. ఆ ఇంటిపేరు పాత రూపానికి సముద్ర యోధుడని అర్థమట. ఆ సూత్రమంటావా, అమెరికాలో మర్ఫీ అనే ఇంజనీరు, ఎవరో తీగలు తప్పుగా బిగించారని విసుక్కుంటే పుట్టిందంటారు. ఆయన విసుగుకూ నీకూ ఏంటి సంబంధం?

నాకు ఏడో నెల నడుస్తోంది. బీపీ కొంచెం ఎక్కువుందని నీ అల్లుడు ప్రేమ్ కిరణ్ వంటింట్లోకి రానివ్వడం లేదు. ఆయన ఏది వండితే అది తింటున్నాను. నువ్వు మాత్రలు మానకు. బాబు సంగతి వదిలెయ్ నాన్నా.

నీ రూతు

తిరువూరు,
జూలై 21

ప్రియమైన రూతమ్మకు,

యోధుణ్ణట. మంగినపూడిలో అల మోకాళ్లదాకా వస్తే చెప్పులు వదిలేసి పరిగెత్తినవాణ్ణి.

వదిలెయ్యమన్నావు. ఎలా వదలను? రెండో రోజు జ్ఞానస్నానమైంది, నా పేరు పెట్టారు. మూడో రోజు గుండె బాగాలేదన్నారు. ముందు పేరు, వెనకే జబ్బు. ఆ వరస నాకు కనపడుతూనే ఉంది.

లాయరు సురేష్ బాబు గెజిట్లో నా పేరు మార్పిస్తానన్నాడు, కాగితాలిచ్చాను. శనివారం మేస్త్రీ ఏసోబును సమాధుల తోటకు తీసుకెళ్లి, బాబు రాయి మీద ఆ పేరు చెరిపించేస్తాను. వాడికైనా దాని పీడ వదులుతుంది. నా మీద కోపం తెచ్చుకోకు.

మీ నాన్న

గుంటూరు,
జూలై 25

ప్రియమైన నాన్నకు,

శనివారంలోగా అందాలని ఈ ఉత్తరం ప్రేమ్ కిరణ్ చేతికిచ్చి పంపుతున్నాను. ఏసోబును రావద్దని చెప్పు.

నీ వరస తప్పు నాన్నా. అయిదో నెల స్కానింగులోనే బాబు గుండె సరిగా ఏర్పడలేదని తెలిసింది. పుట్టినా ఎక్కువ రోజులు ఉండడన్నారు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇది కూడా నీకెలా చెప్పాలో తెలియలేదు.

పుట్టిన గంటకే వాడు నీలంగా మారిపోయాడు. ప్రాణం మీదికొస్తే ఫాదర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చని నీకూ తెలుసు. మంచం మీదే లేచి కూర్చుని, స్టీలు గ్లాసుతో వాడి నుదుటి మీద నేనే నీళ్లు పోశాను. పేరు చెప్పాల్సి వచ్చేసరికి నీ పేరే నోటికొచ్చింది. ఆచారమని పెట్టలేదు. చిన్నప్పటినుంచి భయమేస్తే నేను తలుచుకునేది నిన్నే. రెండో రోజు ఫాదర్ వచ్చి మిగతా ప్రార్థనలు చేశారు, నువ్వు చూసింది అదే.

ఇన్నాళ్లూ దాచాను, తప్పు నాది. ఈసారి స్కానింగులో ఏ లోపమూ లేదన్నారు. ఈ బిడ్డకు నీకు నచ్చిన పేరు పెట్టు. నీ పేరు మార్చుకోవాలనుకుంటే మార్చుకో. ఆ రాయి జోలికి మాత్రం వెళ్లకు. తొమ్మిది రోజులూ వాణ్ణి ఆ పేరుతోనే పిలిచాను. అది చెరిపేస్తే ఇక వాణ్ణి ఏమని పిలవాలి నాన్నా?

నీ రూతు