బ్యాండువాళ్ల విస్తళ్లు

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. నిన్ననే కార్వాన్ బస్తీలో ఒక పెళ్లికి బ్యాండు వాయించాం. నీ సాక్సోఫోన్ ఇప్పుడు నీ బిడ్డ మేరీ వాయిస్తోంది.

పత్తర్‌గట్టిలో పాత సామాన్ల దుకాణంలో నువ్వు కొన్న జాజ్ రికార్డును మేరీ రోజూ వింటోంది. హోటళ్లలో తమను కూర్చోనివ్వలేదని అమెరికాలో నల్లవాళ్లు కోపంగా వాయించిన పాటలవి. "వీళ్లది గూడ మన బతుకేరా" అనేవాడివి. అయినా పెళ్లిళ్లలో మనకు గేటు బయట విస్తళ్లు వేస్తే తలవంచుకుని తినేవాడివి. మేమంతా పస్తుండకూడదనే అలా తిన్నావని నాకు తెలుసు.

నిన్న కూడా గేటు బయటే వేశారు. మేరీ సాక్సోఫోన్‌ను పెట్టెలో పెట్టేసింది.

"లోపల కూసోబెడితేనే తింటం సార్. లేకుంటే గిట్లనే పోతం" అని పెళ్లికూతురి తండ్రితో అంది.

లొల్లి అవుతుందని నాకు భయమేసింది. ఆయన బయట వేసిన విస్తళ్లు తీయించాడు. తర్వాత "రాండ్రి" అని తనే ముందు నడిచాడు.

వాళ్ల బంధువుల పక్కనే కూర్చున్నాం. అటూ ఇటూ చూస్తూ తింటుంటే నా చొక్కా మీద పప్పు పడింది. మేరీ మాత్రం రెండోసారి అన్నం అడిగి వేయించుకుంది.

నీ తమ్ముడు