రెండు ఎడమ చేతులు

ప్రియమైన చిట్టీ,

ఫోనులో మనిద్దరికీ నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

మీ అమ్మ పోయి ఏడు నెలలు. బాగానే ఉన్నాను. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండక రెండోసారి వేస్తున్నాను. అంతకు మించి విశేషం లేదు.

నీకోసం అమ్మ మొదలుపెట్టిన ముదురు నీలం కోటు గుర్తుందా? కోటు ఒంటి భాగమంతా కుట్టేసింది. చేతులు మిగిలాయి. వాటి ఆకారం కాగితం మీద గీసి పెట్టే ఉంది. నలభై ఏళ్ళు యంత్రాల నక్షాలు గీసినవాణ్ణి, ఆ మాత్రం చేయలేనా? గుడ్డ కోసేశాను. నువ్వు ఒక్కదానివే బస్సు నడిపే మొదటి రోజుకి పంపుతాను.

అమ్మ శనివారాలు వెళ్ళేదే, లైబ్రరీలో కుట్టుపని బృందం, అక్కడికి నేనూ వెళ్తున్నాను. మంచివాళ్ళు.

మీ నాన్న


ప్రియమైన నాన్నా,

జవాబు ఆలస్యమైంది. కోటు పంపొద్దు. ఆ మొదటి రోజు రాకపోవచ్చు.

మంగళవారం డ్రైవింగ్ నేర్పే మాస్టారు పక్కన ఉండగానే, మలుపులో బస్సు వెనకభాగం స్టాపు స్తంభానికి రాసుకుంది. రేకు లోపలికి పోయింది. బస్సులో నిలబడ్డ పెద్దావిడ ఒకరు మోకాలి మీద పడ్డారు. దెబ్బ చిన్నదే. పైగా ఆవిడే నన్ను ఓదార్చారు, “ఏడవకమ్మా, ఆ మోకాలు ఎప్పుడో పాడైపోయింది” అని.

అప్పట్నుంచి కళ్ళు మూస్తే అదే మలుపు. నన్ను నేను తిట్టుకోని గంట లేదు. రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష పెడతానన్నారు మాస్టారు. నేను మాత్రం రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

నీ చిట్టి


ప్రియమైన చిట్టీ,

అది సంచిలోనే ఉంచు. ఇవ్వకు.

కుట్టు తప్పితే మీ అమ్మ ఏం చేసేదో చూశావుగా. మిషను ఆపేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకునేది. “పోయిందా? పోనీలే తల్లీ, ఊడదీద్దాం” అనేది. తనకు తానే. పక్కింటి పిల్లకి చెప్పినట్టు. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటే నీకు రాస్తున్నాను.

తోటివాళ్ళకి చెప్పు. ఒక్కదానివే మోయకు.

ఇక్కడ బృందంలో నన్ను బాగా చూసుకుంటున్నారు. కోటు పని సాగుతోంది.

మీ నాన్న


ప్రియమైన నాన్నా,

క్యాంటీన్లో చెప్పేశాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకాయన మొదటి వారంలో డిపో గేటునే గుద్దాడట. ఇంకో అక్క ఆ మలుపు వస్తే ఇప్పటికీ గట్టిగా పాట అందుకుంటుందట. ఆదివారం మాస్టారిని అడిగి ఖాళీ బస్సు తీసుకుని, అందరూ వెనక కూర్చుని, నా చేత ఆ మలుపు పన్నెండుసార్లు తిప్పించారు. ఏడోసారి స్తంభం జానెడు దూరంలో ఉంది. ఆపి, ఊపిరి తీసుకుని, “పోనీలే తల్లీ, ఊడదీద్దాం” అన్నాను.

“ఏమిటే ఊడదీసేది, బస్సునా?” అంది అక్క. అందరం పడీ పడీ నవ్వాం. చివరి మూడుసార్లు చక్కగా తిరిగింది.

ఇక నీ సంగతి. నిన్ను చూసుకుంటున్నందుకు థాంక్స్ చెబుదామని లైబ్రరీకి ఫోన్ చేశాను. అక్కడి ఆవిడ ఏమన్నారో తెలుసా? “మీ నాన్నగారా? ఆరు శనివారాలుగా సంచి పట్టుకుని మెట్ల దాకా వస్తారమ్మా. మేం లేచి తలుపు తీసేలోగా వెళ్ళిపోతారు. ఆయన కుర్చీ మాత్రం వేసే ఉంచుతున్నాం.”

నాకు చెప్పిన మాట నీకు పనికిరాదా నాన్నా? ఆ సంచిలో ఏముంది?

బుధవారం నా పరీక్ష. నేను వెళ్తాను. శనివారం నువ్వు లోపలికి వెళ్ళు.

నీ చిట్టి


ప్రియమైన చిట్టీ,

అబద్ధమే ఆడాను.

సంచిలో రెండు కోటు చేతులు. రెండూ ఎడమవే. రెండోసారి కాగితం తిరగేసి పెట్టాలని తోచలేదు. ఉన్న గుడ్డంతా అయిపోయింది. ఆ నీలం ఇప్పుడెక్కడా లేదు. కుట్టైతే ఊడదీయొచ్చు. కోసిందాన్ని ఏం చేస్తాం? అమ్మ వదిలివెళ్ళిన ఆఖరి గుడ్డని పాడుచేసి, ఆమె స్నేహితులకి ఏ మొహంతో చూపించను? అందుకే మెట్ల దగ్గరే ఆగిపోయాను.

శనివారం వెళ్ళాను. సంచి బల్ల మీద బోర్లించాను. జాలిపడతారనుకున్నాను. నవ్వారు.

అమ్మ పక్కన కూర్చునే దర్జీ ఆవిడ అల్మారా తెరిచింది. అందులో ఒక అర నిండా పాడైన ముక్కలు. వంకర కాలర్లు, పొట్టి జేబులు. కొత్తవాళ్ళు హడలిపోకుండా చూపించడానికి దాస్తారట. అడుగు నుంచి గోధుమరంగు కోటు చెయ్యి ఒకటి తీసింది.

“ఇది మీ ఆవిడదేనండీ. మొదటి రోజు రెండూ కుడివే కోసింది. ఆయనకి మాత్రం చెప్పొద్దంది. నక్షాలు గీసే మనిషి, నవ్వుతాడని.”

నవ్వేవాణ్ణే. అక్కడే, అందరి ముందు ఏడ్చాను. ఈ ఏడెనిమిది నెలల్లో అదే మొదటిసారి. ఎవరూ లేచి వెళ్ళలేదు. కాసేపటికి దర్జీ ఆవిడ సూదిలో దారం ఎక్కించి నా ముందు పెట్టింది.

నీ కార్డు సోమవారం అందింది. “నడిపాను నాన్నా. సంచిలో కాగితం చించేశాను.” అద్దం పక్కన అంటించాను. వచ్చినవాళ్ళు అడక్కపోయినా చదివి వినిపిస్తున్నాను.

కోటు పంపుతున్నాను. ఎడమ చెయ్యి నీలం, నేను కోసింది. కుడి చెయ్యి గోధుమరంగు, అమ్మ కోసింది. కాస్త వదులైతే లోపలికి మడిచాం. స్టీరింగ్ మీద చేతులు పెట్టినప్పుడు రెండూ కనిపిస్తాయి. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నా రెండో ఎడమ చెయ్యి ఆ అల్మారాలో, అమ్మది తీసిన చోట ఉంది.

నిన్ను చూసి గర్వపడుతూ,
మీ నాన్న